హ్యాంగ్ అవుతోందని ఫార్మాట్ కొట్టించకండి: కొన్ని అపోహలు, వాస్తవాలు

సీపీయూ తెచ్చి కౌంటర్ మీద పెడుతూనే చాలామంది తీర్పు కూడా చెప్పేస్తారు: "వైరస్ అన్నా, ఫార్మాట్ కొట్టెయ్." డబ్బులదేముంది, తర్వాత పోయేది డేటా.

అపోహ: అప్పుడప్పుడూ ఆగిపోతే వైరసే. ఫార్మాట్ చేస్తే పోతుంది.

వాస్తవం: ఉన్నట్టుండి బిగుసుకుపోయి, కాసేపటికి తనంతట తానే కదిలే సిస్టమ్‌లో నేను ముందు అనుమానించేది హార్డ్ డిస్క్‌నే. ఆగినప్పుడు మౌస్ బాణం కదులుతోందా? క్యాబినెట్ ముందున్న డిస్క్ లైటు మిణుకుమనకుండా ఆపకుండా వెలుగుతోందా? రెండూ అవునంటే, పాడైన సెక్టార్‌ని (డేటా రాసుకునే చిన్న గడిని) చదవలేక డిస్క్ మళ్లీ మళ్లీ తంటాలు పడుతోందని అనుమానించాలి. అది తేరుకోగానే మీరు విసుగుతో నొక్కిన క్లిక్కులన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటాయి.

డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే. అందులో 05, సీ5 వరుసల్లో (పాడైన, అనుమానంగా ఉన్న సెక్టార్ల లెక్కలవి) చివరి సంఖ్య సున్నా కాకపోతే ఆ డిస్క్‌ని ఇక నమ్మొద్దు. సీ7 (డేటా వచ్చిపోయేటప్పుడు పడే తప్పుల లెక్క) పెరుగుతుంటే మాత్రం ముందు డిస్క్‌ని మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్ మార్చి చూడండి, చవకలో పోతుంది. విండోస్ తన తప్పులు రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లోని సిస్టమ్ లాగ్‌లో డిస్క్ పేరుతో 7, 153 నంబర్లు కనిపించినా అనుమానం అటువైపే.

ఫార్మాట్ చేశాక కొన్నాళ్లు బాగానే నడవొచ్చు, మోసమంతా అక్కడే. క్విక్ ఫార్మాట్ సెక్టార్లను పరీక్షించదు. కొత్త విండోస్ ఫైళ్లు మంచి చోట పడ్డాయి, అంతే.

ఓ ఫోటో స్టూడియో అబ్బాయి వేరేచోట రెండుసార్లు ఫార్మాట్ చేయించుకుని వచ్చాడు. "డి డ్రైవ్ ముట్టుకోలేదన్నా" అంటాడు. సి అయినా డి అయినా ఉన్నది ఆ ఒక్క డిస్క్‌లోనే కదా! మేం చూస్తుండగానే సీ5 సంఖ్య పెరుగుతోంది. ఇంకా డెలివరీ ఇవ్వని పెళ్లి ఆల్బమ్ అందులోనే ఉంది. డిస్క్ తీసి వేరే మెషీన్‌కి తగిలించి ముందు ఆ ఫోల్డర్ కాపీ పెట్టాం. తలంబ్రాలు వచ్చాయి, అప్పగింతలు సగమే వచ్చాయి. పాపం, ఆ కుర్రాడి మొహం చూడలేకపోయాను.

మిగతావి గబగబా చెప్పేస్తాను. డెస్క్‌టాప్ మీద రిఫ్రెష్ కొడితే ర్యామ్ ఖాళీ అవదు, ఐకాన్లు మళ్లీ కనిపిస్తాయంతే. మౌస్ కూడా చచ్చిపోయి, స్పీకర్లో ఒకే శబ్దం పట్టేసుకుంటే ర్యామ్, వేడి, ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా చేసే డబ్బా) వైపు చూడాలి. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ రాత్రంతా పెట్టి వదిలేయండి. టిక్ టిక్ శబ్దం లేదు కాబట్టి డిస్క్ మంచిదే అనుకోవద్దు. ఎస్ఎస్‌డీ అయితే అసలు చప్పుడే చేయదు.

విండోస్‌లో డిస్క్‌ని పరీక్షించే చెక్ డిస్క్ కమాండ్ కూడా డేటా కాపీ అయ్యాకే. దాని చివర స్లాష్ ఆర్ (/r) పెడితే అది ప్రతి సెక్టార్‌నీ చదువుతుంది, కొన ఊపిరితో ఉన్న డిస్క్‌కి ఆ పని ఇవ్వకూడదు.

ఫార్మాట్ ఇప్పటికే అయిపోయిందా? టెన్షన్ పడకండి. హార్డ్ డిస్క్ అయితే అందులో కొత్తగా ఏమీ ఎక్కించకుండా ఆపేసి తీసుకురండి, ఎంత వస్తుందో చూద్దాం.