బ్రేకుల దగ్గర మొదలై బుష్‌ల దాకా: ఫిట్‌నెస్ తనిఖీ వెనకున్న కథ

ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం తీసుకెళ్లిన క్యాబ్ ‘ముందు ఎడమ లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్‌లో ప్లే ఉంది’ (చక్రాన్ని కింద పట్టి ఉంచే కీలు వదులైంది) అన్న రిమార్కుతో తిరిగొస్తే హైదరాబాద్‌లో సాధారణంగా రెండే జరుగుతాయి. ఒక డ్రైవర్ ‘బండి బాగానే నడుస్తోంది కదా, ఇన్నేళ్లుగా అడగనిది ఇప్పుడెందుకు అడుగుతున్నారు’ అని ఏజెంట్‌ను వెతుక్కుంటాడు. ఇంకో డ్రైవర్ టెన్షన్ పడి, గ్యారేజీలో ఏది చెబితే అది మార్పించి, నెల కిస్తీకి దాచుకున్న డబ్బంతా అక్కడే పెట్టేస్తాడు. ఇద్దరినీ తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. ‘ఇన్నేళ్లుగా అడగనిది’ అన్న మాట నిజం. కారు కింది భాగం అరిగిందా లేదా అన్నది మన దగ్గర చాలాకాలం ఎవరి బాధ్యతా కాదు. అది డ్రైవర్ చెవికి, మెకానిక్ చేతికి వదిలేసిన విషయం.

చట్టం వైపు నుంచి చూద్దాం. బ్రిటిష్ ఇండియాలో 1939 మోటారు వాహనాల చట్టం 38వ సెక్షన్‌తో కిరాయికి తిరిగే బండ్లకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తప్పనిసరి చేసింది. అప్పటికి నిజాం రాజ్యంలో ప్రభుత్వ బస్సులు తిరుగుతూనే ఉన్నాయి. 1932 జూన్‌లో నిజాం రైల్వే కింద 27 బస్సులతో ఆ సర్వీసు మొదలైంది. విలీనం తర్వాత ఇక్కడా అదే దేశవ్యాప్త చట్టం వచ్చింది. 1988 చట్టంలో ఆ పాత నిబంధన 56వ సెక్షన్ అయింది. దానికింద 1989లో వచ్చిన కేంద్ర రూల్స్‌లో 62వది ఎఫ్‌సీ గడువు చెబుతుంది. కొత్త బండికి రెండేళ్లు, ఆ తర్వాత ఏటేటా. 2018లో దీన్ని సడలించారు. బండికి ఎనిమిదేళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి, నిండాక ఏడాదికోసారి చూపిస్తే చాలు.

ఇదంతా ట్రాన్స్‌పోర్టు బండ్ల సంగతి. సొంత కారుకు 41వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఈ మధ్యలో పొల్యూషన్ సర్టిఫికెట్ తప్ప ఎవరూ దేనికీ బండిని పిలవరు. పదిహేనేళ్లు నిండాక ఐదేళ్లకోసారి రెన్యువల్.

మరి ఎఫ్‌సీకి వెళ్లిన బండిలో ఏం చూసేవారు? హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, రిఫ్లెక్టర్లు, హారన్, వైపర్, అద్దాలు, పొగ, బ్రేకులు, స్టీరింగ్. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు బండెక్కి కొద్ది దూరం పోనిచ్చి గట్టిగా బ్రేక్ వేసి చూసేవారు. స్టీరింగ్ అటూ ఇటూ తిప్పి ఖాళీ ఎంత ఉందో చేతితో అంచనా కట్టేవారు. రోజూ వరసకట్టి నిలబడే బండ్ల మధ్య ఒక మనిషి అంతకంటే ఏం చేయగలడు? గొయ్యిలోకి దిగి, ఒక్కో చక్రం కిందా రాడ్ పెట్టి ఎత్తి చూసే తీరిక ఆయనకు లేదు, చోటూ లేదు. బండి ఆగుతుందా, చీకట్లో కనబడుతుందా అన్నవి తేలేవి. మలుపులో చక్రం రోడ్డును పట్టుకుని ఉంటుందా అన్న ప్రశ్న దగ్గరికి తనిఖీ చేరేదే కాదు.

ఒకప్పుడు ఆ లోటు పెద్దగా బాధించలేదు. దానికి కారణం కార్ల తీరులోనే ఉంది. అంబాసిడర్‌కు వెనక కమాన్ పట్టీలు, ముందు మెలిపడుతూ స్ప్రింగులా పనిచేసే టార్షన్ బార్లు. కింది పిన్నులకు గ్రీజు ఎక్కించే చిన్న మూతులు, గ్రీజు నిపుల్స్ ఉండేవి. సర్వీసింగ్ అంటేనే గ్రీజు కొట్టించడం. అందువల్ల బండి ఏడాదిలో ఎన్నోసార్లు పైకి లేచేది, దాని కిందికి ఒక మెకానిక్ కచ్చితంగా వెళ్లేవాడు. గ్రీజు గన్ పెట్టేటప్పుడు పిన్ను అరిగిందో లేదో అతని కంటికి కనిపించేది. చట్టం చేయని తనిఖీని గ్రీజు చేయించింది.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. దాని ముందు చక్రాలకు మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉంటుంది. స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ ఒకే నిలువు కడ్డీ మీద కూర్చుంటాయి. కింద ఒకే ఒక ఆర్మ్, దాని చివర బాల్ జాయింట్, లోపలి వైపు కుదుపును మింగే రబ్బరు బుష్‌లు. అమెరికాలో ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే ఇంజినీరు ఆలోచన ఇది. 1950 ప్రాంతంలో ఫోర్డ్ కార్లతో రోడ్డెక్కింది. తేలిక, చవక, చోటు తక్కువ పడుతుంది. తర్వాత వచ్చిన శాంత్రో, ఇండికా నుంచి క్యాబ్‌లుగా మనకు బాగా తెలిసిన ఎటియోస్, డిజైర్‌ల దాకా ముందు వైపు ఇదే ఏర్పాటు.

దీంతో వచ్చిన మార్పును మనం సరిగ్గా గుర్తించలేదు. బాల్ జాయింట్ సీలు చేసి వస్తుంది. గ్రీజు లోపలే ఉంటుంది, పైన రబ్బరు బూటు. నిపుల్ లేదు కాబట్టి గ్రీజు కొట్టే పని లేదు, ఆ పని లేదు కాబట్టి కిందికి చూసే మనిషీ లేడు. బూటుకు చిన్న చిరుగు పడితే వానకాలం నీళ్లు, ఎండాకాలం దుమ్ము లోపలికి పోతాయి. గ్రీజు మట్టితో కలిసి నల్లటి ముద్దవుతుంది, గుండు తుప్పుపట్టి దాని గిన్నెలో ఆడటం మొదలవుతుంది. పైకి ఏమీ తెలియదు. చాలాకాలం చప్పుడు కూడా ఉండదు. పూర్తిగా అరిగి గుండు గిన్నెలోంచి బయటికొస్తే మాత్రం చక్రం పక్కకు ఒరిగిపోతుంది, కారు అక్కడికక్కడే కూలబడుతుంది. రోడ్డు పక్కన చక్రం మడతపడి ఆగిన కారును ఎప్పుడో ఒకసారి చూసే ఉంటారు. అలా ఆగడానికి సాధారణ కారణాల్లో ఇదొకటి.

ఇక మన రోడ్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో స్పీడ్ బ్రేకర్లకు కొలతలు చెప్పింది. వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు. అంత వెడల్పుగా ఉంటే గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దెబ్బ తగలకుండా దాటొచ్చు. మన కాలనీల్లో రాత్రికి రాత్రి సిమెంటుతో పోసినవి చూడండి, చాలావాటికి ఎత్తు అంతకంటే ఎక్కువ, వెడల్పు అందులో పావు వంతు ఉండదు. అలాంటిదాని మీద చక్రం ఎక్కదు, గుద్దుకుంటుంది. మెట్రో కట్టిన ఏళ్లలో తవ్విన రోడ్లు, డ్రైనేజీ పనుల తర్వాత సరిగా పూడ్చని గుంతలు, రోడ్డు మట్టం కంటే పైకి లేచిన మ్యాన్‌హోల్ మూతలు, వీటన్నిటి దెబ్బా మొదట తినేది బుష్‌లు, మలుపుల్లో కారు ఒరగకుండా పట్టే బార్‌ను చక్రం వైపు భాగాలకు కలిపే లింక్ రాడ్లు. హైదరాబాద్‌లో తిరిగే బండి సస్పెన్షన్ త్వరగా అరిగితే అందులో డ్రైవర్ తప్పు కొంతే. ఎఫ్‌సీ ఖర్చు మాత్రం మొత్తం అతనిదే. ఇది నాకు న్యాయంగా తోచదు.

యాప్ క్యాబ్‌లు ఈ లెక్కను పెద్దది చేశాయి. 2014 తర్వాత నగరంలో అప్పు చేసి కారు కొని యాప్‌కు కట్టినవాళ్లు చాలామంది. సొంత కారు పదేళ్లలో తిరిగే దూరం ఈ బండ్లు రెండు మూడేళ్లలో తిరిగేశాయి. మధ్యలో కరోనా వచ్చింది. గడువు ముగిసిన ఫిట్‌నెస్ కాగితాలను కేంద్రం విడతలు విడతలుగా పొడిగిస్తూ 2021 అక్టోబరు 31 దాకా చెల్లుతాయంది. అప్పుడు అది అవసరమే. ఆ వెసులుబాటు ముగిశాక బండ్లు తిరిగి తనిఖీకి వచ్చేసరికి, 2014-16లో కొన్నవాటికి ఎనిమిదేళ్లు నిండటం మొదలైంది. రెండేళ్లకోసారి ఉన్న ఎఫ్‌సీ ఏడాదికోసారి అయింది. అంటే అరుగుదల బాగా పెరిగిన వయసులోనే తనిఖీ దగ్గరదగ్గరగా రావడం మొదలుపెట్టింది. ఇప్పుడు వినిపిస్తున్న ఫిర్యాదుల్లో చాలావాటి మూలం ఇక్కడే ఉందని నేననుకుంటాను.

యంత్రాలు వచ్చింది ఈ నేపథ్యంలో. 2019 చట్ట సవరణలో ఒక మాట చేర్చారు: కేంద్రం ప్రకటించే తేదీ తర్వాత ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్‌లో పరీక్షించకుండా ఫిట్‌నెస్ ఇవ్వకూడదు. ఆ స్టేషన్ల రూల్స్ 2021 సెప్టెంబరులో వచ్చాయి. భారీ వాహనాలకు 2023 ఏప్రిల్ 1 నుంచి, మిగతా ట్రాన్స్‌పోర్టు బండ్లకు 2024 జూన్ 1 నుంచి తప్పనిసరి అన్నారు. తగినన్ని స్టేషన్లు లేక గడువును అందరికీ 2024 అక్టోబరు 1కి జరిపారు, ఆ తర్వాతా సడలింపులు వచ్చాయి.

అక్కడ కింది భాగాన్ని చూసే యంత్రాలు ముఖ్యంగా మూడు. సైడ్ స్లిప్ టెస్టర్ ఒక కదిలే పలక. దాని మీదుగా బండి నెమ్మదిగా వెళ్తే చక్రాలు కిలోమీటరుకు ఎన్ని మీటర్లు పక్కకు లాగుతున్నాయో చెబుతుంది. జాయింట్ ప్లే టెస్టర్‌లో చక్రాల కింది పలకలు అటూ ఇటూ జరుగుతుంటే, గొయ్యిలో నిలబడ్డ మనిషి లైటు వేసి ఏ జాయింటు కదులుతోందో చూస్తాడు. ఇందులో యంత్రం కదిలిస్తుంది అంతే, తీర్పు చెప్పేది మనిషి కన్నే. మూడోది సస్పెన్షన్ టెస్టర్. యూరప్ షాక్ అబ్జార్బర్ తయారీదారుల సంఘం 1970ల్లో రూపొందించిన పద్ధతి ప్రకారమైతే చక్రం కింద పలకను సెకనుకు 25 సార్లు ఆడించి, క్రమంగా నిదానం చేస్తారు. ఆ కుదుపులో టైరు పలకను అతి తక్కువగా నొక్కిన క్షణం ఏదో, అప్పటి బరువు నిలబడి ఉన్నప్పటి బరువులో ఎంత శాతమో చూస్తారు. 60 దాటితే చాలా బాగున్నట్టు, 40 దాటితే ఫర్వాలేదు, 20 లోపు అయితే ఆ షాకర్ పనికిరాదు. కుడి ఎడమల మధ్య పెద్ద తేడా ఉన్నా లోపమే.

ఆ రూల్స్‌లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. టెస్టింగ్ స్టేషన్ నడిపేవాళ్లు రిపేర్లు చేయకూడదు, స్పేర్ పార్టులు అమ్మకూడదు. లోపం చెప్పేవాడికి ఆ లోపం వల్ల లాభం ఉండకూడదన్న పట్టింపు అది. ఫెయిలైన బండిని బాగుచేయించి, ఫీజు కట్టి మళ్లీ పరీక్షకు తీసుకెళ్లొచ్చు.

కొరత కూడా ఒకటుంది. బ్రిటన్‌లో ఏటా జరిగే ఎంఓటీ పరీక్ష 1960లో పదేళ్లు దాటిన కార్లకు, అదీ బ్రేకులు, లైట్లు, స్టీరింగ్ వరకే మొదలైంది. 1967కల్లా మూడేళ్లు దాటిన కార్లన్నిటికీ వచ్చింది. 2018 నుంచి అక్కడ లోపాలను ప్రమాదకరం, పెద్దది, చిన్నది అని విడదీస్తున్నారు. ఇంకా ఫెయిల్ చేసేంత లేని అరుగుదలను ‘ముందు ముందు చూసుకోండి’ అని సలహాగా రాసిస్తారు. పగుళ్లు మొదలైన బుష్‌కు అలాంటి సలహా అందితే డ్రైవర్‌కు డబ్బు కూడబెట్టుకునే వ్యవధి దొరుకుతుంది. మన ఎఫ్‌సీ పాస్, ఫెయిల్ అనే రెండు మాటలే చెబుతుంది. అలాంటి నడిమి మెట్టు ఇక్కడా రావాలి.

అది లేనంత కాలం ఏది ముందు, ఏది తర్వాత అన్నది రిమార్కు చూసి మనమే తేల్చుకోవాలి. చప్పుడును బట్టి ప్రమాదాన్ని కొలవకూడదు. గుంతల్లో టకటక కొట్టే లింక్ రాడ్ చెవికి బాధ, ఖర్చు తక్కువ, కారును పడేయదు. చప్పుడే లేని బాల్ జాయింట్, టై రాడ్ ఎండ్ (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కడ్డీ చివరి కీలు) అరిగితే ఆ రోజే మార్చాలి. కారును జాకీ మీద లేపి, స్టాండు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడుతోందంటే బాల్ జాయింటో వీల్ బేరింగో. కుడి ఎడమల పట్టుకుని ఊపితే ఆడుతోందంటే స్టీరింగ్ వైపు జాయింట్లు. షాకర్ మీద తడి మరక కనిపించగానే మార్చక్కర్లేదు, నూనె కారుతుంటే మార్చాలి, మార్చితే రెండు వైపులా కలిపి మార్చాలి.

రాణిగంజ్, పుత్లీబౌలి స్పేర్ పార్టుల బజార్లలో ఒకే లోయర్ ఆర్మ్ మూడు నాలుగు ధరల్లో దొరుకుతుంది. పైకి అన్నీ ఒకేలా ఉంటాయి, తేడా రబ్బరులోనూ బాల్ జాయింట్‌లోనూ ఉంటుంది. బిల్లు ఇవ్వని చోట ఈ భాగాలు కొనవద్దు. మంచి పార్టు కొన్నా బిగించే తీరులో పాడవుతుంది. చాలా గ్యారేజీల్లో కారు గాల్లో ఉండగానే, చక్రం వేలాడుతున్నప్పుడే బుష్ బోల్టులు పూర్తిగా బిగించేస్తారు. కారు కిందికి దిగగానే రబ్బరు మెలిపడి, నేల మీద ఉన్నంతసేపూ అలాగే ఉంటుంది. అలాంటి బుష్ తొందరగా చీలిపోతుంది. ఆ నింద పార్టు మీద పడుతుంది. బరువు చక్రాల మీద పడ్డాకే ఆఖరి బిగింపు వేయమని మెకానిక్‌ను అడగండి, అన్నా అని ఓ మాట చెబితే కాదనే మెకానిక్ ఉండడు. టై రాడ్ లేదా లోయర్ ఆర్మ్ మార్చాక చక్రాల అలైన్‌మెంట్ సరిచేయించడం తప్పనిసరి. మార్చిన పాత భాగాన్ని చేతికి తీసుకుని చూడండి, అది ఎంత ఆడుతోందో మీకే తెలుస్తుంది.

సొంత కార్లవాళ్లు ఇది క్యాబ్‌ల గొడవ అనుకోవద్దు. రాష్ట్రం విడిపోయిన 2014 జూన్ 2కు ముందు ఏపీ 09, ఏపీ 28 లాంటి నంబర్లతో కొత్తగా రిజిస్టరైన కార్లన్నిటికీ 2029 జూన్‌కల్లా పదిహేనేళ్లు నిండుతాయి. పాతవి ఇప్పటికే రెన్యువల్‌కు వస్తున్నాయి. కారు రెన్యువల్ ఫీజు 600 రూపాయలు ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. వాటిలో చాలా కార్లు పుట్టాక ఒక్కసారైనా అధికారిక తనిఖీకి వెళ్లి ఉండవు. వాటి లోయర్ ఆర్మ్‌ను ప్రభుత్వం తరఫున ఎవరైనా చూస్తే ఆ రోజే మొదటిసారి చూడటం.