భుజమెత్తు పైన్ చెట్టు వయసెంత?

ఫిన్‌లాండ్‌లో ఒక బురదనేల మధ్యలో మన భుజం ఎత్తున పైన్ మొక్క కనిపిస్తే ఏ ఏడెనిమిదేళ్లదో అనుకుంటాం, కానీ దాని కాండం అడ్డంగా కోసి భూతద్దం పెట్టి రింగులు లెక్కేస్తే వంద దాకా వచ్చినా వస్తాయి. రింగులు వెంట్రుకల్లా ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటాయి. అక్కడికి కాస్త దూరంలో ఉన్న గట్టి నేల ఎక్కండి, అదే స్కాట్స్ పైన్ జాతి, అవే వానలు, అదే చలి, అదే వయసు చెట్టు 20 మీటర్లుంటుంది.

తేడా అంతా కాళ్ల కింద ఉంది. వరి కాండంలో గాలి కిందకి పోయే దారులుంటాయి కాబట్టి నీళ్లలో హాయిగా నిలబడుతుంది, పైన్‌కి ఆ ఏర్పాటు పెద్దగా లేదు, నీళ్లు నిలిచిన చోట వేళ్లకి ఊపిరాడక పైపైనే పాకుతాయి. అక్కడి పీట్ మట్టిలో (సగం కుళ్లిన మొక్కలు పేరుకుని ఏర్పడిన మట్టి) నైట్రోజన్ లేక కాదు, బోలెడుంది, కానీ ఆ చలిలో, గాలి లేని చోట సూక్ష్మజీవులు దాన్ని కుళ్లబెట్టి చెట్టుకి అందించలేవు. గాదె నిండా వడ్లున్నా తాళం తీసేవాళ్లు లేనట్టే. పొటాషియం, ఫాస్ఫరస్ అయితే నిజంగానే తక్కువ.

గత శతాబ్దంలో అక్కడ దాదాపు 50 లక్షల హెక్టార్ల బురదనేలల్లో కాలవలు తవ్వి నీళ్లు తీసేశారు, చాలాచోట్ల ఆ ముసలి మరుగుజ్జు చెట్లే మళ్లీ వెడల్పు రింగులు వేశాయి! కాకపోతే ఆరిన పీట్ కుళ్లి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, అందుకే ఇప్పుడు కొన్నిచోట్ల ఆ కాలవలే పూడుస్తున్నారు, నాకైతే అదే సరైన పని అనిపిస్తుంది.

నేల సత్తువ చెట్టు కింద చూసి కూడా చెప్పొచ్చు. 1909లో కయాండర్ అనే శాస్త్రవేత్త (తర్వాత మూడుసార్లు ఆ దేశ ప్రధాని కూడా అయ్యాడు) ఈ పద్ధతి తెచ్చాడు: కింద నాచులా కనిపించే తెల్లటి లైకెన్ పరుచుకుని ఉంటే అది సారం లేని పొడి ఇసుక, బిల్‌బెర్రీ పొదలుంటే మంచి నేల.

నేల ఒక్కటే కాదు, ఎండ లెక్క కూడా ఉంది. స్కాట్స్ పైన్ వచ్చే ఏడు వేసే కొమ్మని ఈ వేసవిలోనే మొగ్గలో సిద్ధం చేసి పెట్టుకుంటుంది. అందుకే ఉత్తరాన లాప్‌లాండ్ వైపు చెట్టు ఈ ఏడు ఎంత పొడుగు పెరిగిందో కొలిస్తే నిరుటి వేసవి ఎలా గడిచిందో తెలుస్తుంది, కాండంలో ఈ ఏటి రింగు చూస్తే ఈ వేసవి సంగతి.