మట్టి పిసికితే చదువు రాదా? పిల్లల ఆటబొమ్మల మీద అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పదిహేడేళ్లుగా అంగన్‌వాడీ టీచరుగా పనిచేస్తున్నాను. మా సెంటర్లో కొన్న బొమ్మల కన్నా పిల్లలు చేసుకున్న బొమ్మలే ఎక్కువ. వాటిని చూసి అమ్మానాన్నలు, నానమ్మలు అనే మాటలు కొన్ని ఏటేటా వినిపిస్తూనే ఉంటాయి. వాటికి నాకు తెలిసిన జవాబులు ఇవి.

అపోహ: మట్టి పిసకడం, కాగితాలు చింపడం టైం వేస్ట్. ఆ టైంలో అఆలు దిద్దించొచ్చు.

"ఏటి టీచరమ్మా, మా గుంటడికి అఆలు రాలేదు గానీ మట్టి పిసకడం వచ్చేసింది" అని ఒక నానమ్మ నిలదీసింది. బలపం పట్టాలంటే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిసి పనిచేయాలి. ఆ పట్టు రాకముందే దిద్దిస్తే పిల్లలు బలపాన్ని పిడికిట్లో బిగించి భుజం దాకా ఊపుతూ గీస్తారు. కాసేపటికే చెయ్యి నొప్పి అంటారు. ముద్ద నలపడం, పాములా సాగదీయడం, కాగితాన్ని సన్నగా చింపడం ఆ మూడు వేళ్లకూ కసరత్తు. 2020 జాతీయ విద్యావిధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసు వరకూ ఆటపాటలతోనే నేర్పమంటోంది. ఆ నానమ్మ చేతికి కూడా ఒక ముద్ద ఇచ్చి మనవడి పక్కన కూర్చోబెట్టాను. పది నిమిషాల్లో ఇద్దరూ కలిసి పొయ్యి చేశారు.

మట్టి విషయంలో భయపడాల్సింది ఒకటుంది. మనుషులు బహిర్భూమికి వెళ్లే చోటి మట్టిలో, పశువులు తిరిగే చోటి మట్టిలో నులిపురుగుల గుడ్లు ఉంటాయి. చవితికి వినాయకుణ్ణి చేసే బంకమట్టి లాంటిది తెచ్చి, గాజుముక్కలు లేకుండా ఏరి వాడండి. ఆట అవగానే సబ్బుతో చేతులు కడిగించండి, గోళ్లు కత్తిరించండి. ఏ బిడ్డయినా అదే పనిగా మట్టి తింటుంటే కొట్టొద్దు. ఒంట్లో ఐరన్ తగ్గినా అలా చేస్తారు. ఒకసారి రక్త పరీక్ష చేయించండి.

అపోహ: చెట్టు నుంచి వచ్చింది ఏదైనా సేఫ్. ప్లాస్టిక్‌తోనే ప్రమాదం.

ఈ అపోహే నన్ను ఎక్కువ టెన్షన్ పెడుతుంది. మట్టి వినాయకుడికి కళ్లుగా గురివింద గింజలు పెట్టడం మనకు అలవాటు. పిల్లలు కూడా చూసి తమ బొమ్మలకు అవే కావాలంటారు. గురివిందలో భయంకరమైన విషం ఉంది. పైపెంకు గట్టిది కాబట్టి నమలకుండా మింగిన గింజ చాలాసార్లు అలాగే బయటికి వచ్చేస్తుంది. కానీ నమిలినా, పూసల దండ కోసం బెజ్జం వేసిన గింజను మింగినా ప్రాణం మీదికి వస్తుంది. కొన్నేళ్ల కిందట మా సెంటర్లో ఒక పాప బొమ్మ కన్ను పీకి నోట్లో పెట్టుకుంది. పళ్ల మధ్యకి వెళ్లకముందే తీయగలిగాను. ఆ రోజు నుంచి మా బొమ్మలన్నిటికీ బొగ్గు చుక్కలే కళ్లు.

ఆముదం గింజలు కూడా అంతే. గన్నేరు ఆకు, పువ్వు, కాయ అన్నీ విషమే. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపు దెబ్బతింటుంది. మన పలాస వైపు వాళ్లకు జీడి సంగతి చెప్పక్కర్లేదు అనుకుంటాం గానీ, పెద్దవాళ్లకు తెలిసింది పిల్లలకు తెలియదు. పచ్చి జీడిపిక్కను రాయితో చితక్కొడితే పెంకులోంచి వచ్చే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. జీడిపిక్కలతో ఆడనివ్వకండి, లెక్కలకు చింతపిక్కలు ఇవ్వండి.

చింతపిక్కలైనా మూడేళ్లు దాటిన వాళ్లకే, అదీ మన కళ్లెదుటే. అంతకన్నా చిన్నవాళ్లకు ఒక కొలత గుర్తుంచుకోండి. పది రూపాయల బిళ్ల కన్నా కాస్త వెడల్పు, అంటే మూడు సెంటీమీటర్ల పైచిలుకు వెడల్పున్న గొట్టంలో పట్టే వస్తువు ఏదైనా వాళ్ల గొంతుకు అడ్డం పడొచ్చు. పగిలిన బెలూన్ ముక్క కూడా అంతే ప్రమాదం. విషపు గింజ మింగారని అనుమానం వస్తే ఉప్పునీళ్లు తాగించి కక్కించొద్దు. అలాంటి గింజే ఒకటి చేతపట్టుకుని 108లో ఆసుపత్రికి వెళ్లండి.

అపోహ: బొమ్మ చక్కగా రాకపోతే నేర్చుకోనట్టే.

ఒకసారి ఇంట్లో బొమ్మ చేసి తెమ్మన్నాం. ఒక పాప కొబ్బరి పీచుతో చాలా ముచ్చటైన పిచ్చుక గూడు తెచ్చింది. ఎలా చేశావమ్మా అంటే "అమ్మ చేసింది, నన్ను ముట్టుకోవద్దంది" అంది. అప్పటి నుంచి ఇంటికి బొమ్మల పని ఇవ్వడం మానేశాను. మూడేళ్ల బిడ్డ గుండ్రంగా ఒక గీత కలిపితే అది పెద్ద విజయం. నాలుగేళ్లకు తలకాయ లోంచే కాళ్లు మొలిచిన మనిషిని గీస్తారు. ఒళ్లు ఏదని దిద్దకండి, అది వయసుతో వస్తుంది. "ఇదేటి?" అనకుండా "దీని కథ చెప్పు" అనండి.

అపోహ: మంచి ఆటవస్తువులకు డబ్బు కావాలి.

రెండు గ్లాసుల గోధుమపిండి, ఒక గ్లాసు ఉప్పు, చెంచా నూనె, కాస్త పసుపు, గ్లాసుకు కొంచెం తక్కువ నీళ్లు. బాగా పిసికి మూతడబ్బాలో పెడితే కొన్ని రోజులు వస్తుంది. ఉప్పు చాలా ఎక్కువ కాబట్టి నోట్లో పెట్టుకునే వయసు వాళ్లకు వద్దు. ఇంక కొబ్బరాకు బూర, తాటాకు గాలిపంకా, తాటికాయల బండి మీ ఇంట్లో తాతలకే నాకన్నా బాగా వచ్చు. ఈనె తీయడం, ముల్లు గుచ్చడం పెద్దవాళ్ల పని. చుట్టడం, ఊదడం, పరిగెత్తడం పిల్లలది.

గుజ్జనగూళ్లు ఆడపిల్లల ఆటేనా అని అడిగేవాళ్లకు ఒకటే మాట. అన్నం వండటం, వడ్డించడం, అందరికీ సరిపోయిందా అని చూడటం మగపిల్లలకూ కావాలి. ఇక ఫోన్‌లో బొమ్మలు చేయడం చూస్తే వేళ్లు కదలవు. రెండేళ్లలోపు వాళ్లకు ఫోన్, టీవీ వద్దనీ, ఐదేళ్లలోపు వాళ్లకు రోజుకు గంట మించొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

అపోహ: పిల్లలాటకు అర్థం ఉండదు.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను వచ్చి మా కొబ్బరి తోటలు నేలకొరిగాయి. సెంటర్ మళ్లీ తెరిచాక పిల్లలు రోజూ ఒకే ఆట ఆడేవారు. కొబ్బరి చిప్పలతో ఇల్లు కట్టడం, "గాలొచ్చీసింది" అని అరిచి కూల్చేయడం, మళ్లీ కట్టడం. ఒక పిల్లాడు ముందుగా ఒక ఈనెపుల్ల గుచ్చి, పడిపోకుండా చుట్టూ మట్టి నొక్కి, "ఇది మా తాత చెట్టు" అనేవాడు. అపశకునం ఆట, ఆపించండి అని తల్లులు బతిమాలారు. నేను ఆపలేదు, ఇంకా చిప్పలు తెచ్చి ఇచ్చాను. భయపడిన పిల్లలు ఆ భయాన్ని ఇలా చేతులతో ఆడుకుంటారు. కొన్ని వారాలకు ఆ ఆట దానంతటదే తగ్గి, బస్సాట మొదలైంది. అయితే నెలలు గడిచినా బిడ్డ అదే ఆడుతూ, రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తూ, తిండి మానేస్తే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.