కాకి పేరు ఎవరు పెట్టారు?

కాకిని కాకి అని ఎందుకంటారని అడిగితే 'కావు కావు' అంటుంది కాబట్టి అని చిన్నపిల్లలు కూడా జవాబు చెబుతారు. ఆ జవాబు మీద మన దేశంలో రెండు వేల ఏళ్లకు పూర్వమే పండితుల మధ్య పేచీ నడిచింది. వేదపదాలకు వ్యుత్పత్తులు చెప్పిన యాస్కుడు నిరుక్తం మూడో అధ్యాయంలో 'కాక' శబ్దం శబ్దానుకృతి, అంటే అరుపును అనుకరించి పుట్టిన మాట అనీ, పక్షుల పేర్లలో ఇలాంటివి మెండనీ అన్నాడు. ఆ వెంటనే, అసలు శబ్దానుకృతి అనేదే లేదన్న ఔపమన్యవుడి మాటనూ నమోదు చేశాడు. ఔపమన్యవుడి లెక్కలో కాకి అంటే తరిమివేయదగినది. ఆ పేరు పుట్టింది ధాతువు (క్రియామూలం) నుంచే గాని అరుపు నుంచి కాదు. మేడ మీద వడియాలు ఎండబెట్టుకున్నవాళ్లు ఔపమన్యవుడి పక్షమే వహిస్తారేమో గాని, ఆయనా యాస్కుడూ తలపడిన ప్రశ్న మాత్రం తర్వాత చాలా దూరం ప్రయాణించింది.

పాణిని ఈ తగవులోకి దిగలేదు. అక్షరాలు స్పష్టంగా వినిపించని ధ్వనిని అనుకరించే మాటకు 'అవ్యక్తానుకరణం' అని పేరు పెట్టి, అది వాక్యంలో ఎలా ఇముడుతుందో సూత్రాలు రాశాడు. అష్టాధ్యాయి అయిదో అధ్యాయంలోని డాచ్ ప్రత్యయ సూత్రం వల్ల 'పటపటాకరోతి' (పటపటమనిపిస్తాడు) వంటి రూపాలు సిద్ధిస్తాయి. ఆరో అధ్యాయంలోని మరో సూత్రం 'పటత్' అనే ధ్వనికి 'ఇతి' చేరితే 'పటితి' అవుతుందని చెబుతుంది. ఇక్కడ తెలుగువాడి చెవికి ఒక సంగతి తట్టక మానదు. మనం 'పటపటా పళ్లు కొరికాడు' అంటాం, 'టక్కుమని ఆగింది' అంటాం. సంస్కృతం 'ఇతి'తో చేసే పనినే తెలుగు 'అని'తో చేస్తోంది.

యూరప్‌లో ఈ ప్రశ్న వేరే దారి పట్టింది. అక్కడ అది భాష ఎలా పుట్టిందన్న పెద్ద చర్చకు ముడిపడింది. జర్మన్ తాత్త్వికుడు హెర్డర్ 1772లో అచ్చయిన తన వ్యాసంలో, గొర్రె అరుపు విన్న మనిషి ఆ అరుపునే గొర్రెకు గుర్తుగా పట్టుకున్నాడని ఊహించాడు. ఋగ్వేదాన్ని సాయణభాష్యంతో సహా ప్రచురించిన మాక్స్‌ముల్లర్ 1861లో లండన్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఇలాంటి ఊహలను కుక్క అరుపు పేరుతో 'బౌ వౌ సిద్ధాంతం' అని ఎగతాళి చేశాడు; అనుకరణ పదాలు వేరు లేని కాగితప్పూల వంటివనీ, వాటి నుంచి మరో మాట పుట్టదనీ వాదించాడు. ఊహాగానాలు ముదిరేసరికి పారిస్ భాషాశాస్త్ర సంఘం 1866లో భాషోత్పత్తి మీద వ్యాసాలే స్వీకరించబోమని నియమం పెట్టుకుంది. తర్వాత 1916లో, మరణానంతరం వెలువడిన పాఠాల్లో స్విట్జర్లాండ్ భాషాశాస్త్రవేత్త సొస్యూర్ ఈ అనుకరణ పదాలు భాషలో కొద్దిపాటివేననీ, ఒకసారి భాషలో చేరాక అవీ మిగతా మాటల్లాగే అరిగిపోతాయనీ అన్నాడు. ఆయన చూపిన ఉదాహరణ బలమైనదే. పక్షిపిల్ల కిచకిచను అనుకరించిన లాటిన్ 'పిపియో' కాలక్రమంలో ఫ్రెంచిలో 'పిజోఁ' అయింది. ఆ మాటలో ఇప్పుడు ఏ పిట్టా కూయదు.

ఇదే అరుగుదల గ్రీకులో ఒక వింత సాక్ష్యానికి దారితీసింది. క్రీ.పూ. 5వ శతాబ్దపు హాస్య నాటకకర్త క్రాటినస్ రాసిన ఒక పంక్తిలో మూర్ఖుడొకడు గొర్రెలా 'బే బే' అంటూ నడుస్తాడు. అవే అక్షరాలను నేటి గ్రీకు ఉచ్చారణలో చదివితే 'వీ వీ' అవుతుంది. ఏ గొర్రే అలా అరవదు కనుక మారింది మనుషుల ఉచ్చారణే అని, ప్రాచీన గ్రీకు ధ్వనుల చర్చలో పండితులు ఆ గొర్రెను సాక్షిగా నిలబెట్టారు.

కోడి ఒకటే అయినా కూత ఒక్కో భాషలో ఒక్కో తీరున ఎందుకుంటుందన్నదీ ఇక్కడే తేలుతుంది. తెలుగులో కొక్కొరోకో, హిందీలో కుక్‌డూకూ, జర్మన్‌లో కికెరికీ, జపనీస్‌లో కొకెకొక్కో, ఇంగ్లీషులో కాక్ ఎ డూడుల్ డూ. ప్రతి భాషా తన దగ్గరున్న ధ్వనులతో, తన మాటల కట్టుబాటులోనే కూతను పట్టుకోగలదు. అయినా ఈ కూతలన్నిటిలోనూ 'క' కార కాఠిన్యం పోలేదు. ఔపమన్యవుడూ యాస్కుడూ చెరిసగం గెలిచారనుకోవచ్చు.

మాక్స్‌ముల్లర్ చెప్పిన కాగితప్పూల మాట మాత్రం తెలుగు వంటింట్లో నిలవదు. ఎసరు సలసల కాగుతుంది, అన్నం కుతకుత ఉడుకుతుంది, పోపులో ఆవాలు చిటపటమంటాయి, తిరగమోత చారులో పడితే చుయ్‌మంటుంది. వంటగదిలోకి తొంగిచూడకుండానే వంట ఎంతవరకు వచ్చిందో చెప్పవచ్చు. ఆ చిటపట ఆవాల దగ్గరే ఆగలేదు: చినుకులకు పాకింది, అక్కడి నుంచి చిటపటలాడే మనిషికీ పాకింది. గుసగుస క్రియై 'గుసగుసలాడు' అయింది, బహువచనమై పుకార్లనూ మోస్తోంది. పైగా వీటికొక వ్యాకరణం ఉంది. కొనసాగే చప్పుడుకు జంట మాట, ఒక్కసారిగా జరిగినదానికి ద్విత్వంతో ఒంటి మాట: మంట భగభగ మండుతుంది, భగ్గున లేస్తుంది, ముత్యాలు జలజల రాలుతాయి, వాన జల్లున కురుస్తుంది, చెట్టు పెళపెళ విరుగుతుంది, కొమ్మ పెళ్లున విరుగుతుంది. ఇన్ని రూపాలు వేసే పువ్వుకు వేరు లేదనడం కష్టం.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ పదాల గౌరవం మెల్లగా పెరిగింది. ఆఫ్రికా బంటూ భాషలను వర్ణిస్తూ క్లెమెంట్ డోక్ 1935లో వీటిని 'ఇడియోఫోన్'లు అని ప్రత్యేక పదజాతిగా గుర్తించాడు. ద్రావిడ భాషలపై జీవితకాలం పనిచేసిన ఎమెనో 1969లో రాసిన వ్యాసంలో, జంటగా వచ్చే ఈ అనుకరణ పదాలు ద్రావిడ, ఆర్య భాషలు రెండింటికీ ఉమ్మడి లక్షణమనీ, ఆర్య భాషల్లోకి ఇవి ఎక్కువగా ద్రావిడం వైపు నుంచే వచ్చాయనీ వాదించాడు. పాణిని 'పటపటా' మన చెవికి పరాయిగా వినిపించకపోవడానికి ఇది ఒక వివరణ కావచ్చు. నెదర్లాండ్స్‌కు చెందిన మార్క్ డింగెమన్స 2012లో, ఇలాంటి పదాలు ఏ భాషలోనైనా ముందు ధ్వనికి, తర్వాత కదలికకు, ఆపైన చూపుకు, స్పర్శ వంటి ఇతర ఇంద్రియానుభవాలకు, చివరికి మనసులోని స్థితులకు విస్తరిస్తాయని ఒక మెట్ల వరుసను ప్రతిపాదించాడు.

తెలుగు ఆ మెట్లు ఎక్కేసినట్టే ఉంది. గలగలలో చప్పుడు ఉంది, గజగజలో వణుకు, తళతళలో వెలుగు, చురచురలో మంట, గుబగుబలో దిగులు ఉన్నాయి. నవ్వుల్లోనే చూస్తే పకపక, కిలకిల, కిసకిస అంటూ చప్పుడు అంచెలంచెలుగా తగ్గి ముసిముసి దగ్గరకు వచ్చేసరికి పెదవులు మాత్రమే కదులుతాయి. మన నిఘంటువులు మాత్రం ఇలాంటి మాటల్లో చాలావాటి పక్కన 'ధ్వన్యనుకరణము' అని రాసి తర్వాతి మాటకు వెళ్లిపోతాయి. ముసిముసి నవ్వు అనుకరించే ధ్వని ఏదో ఏ నిఘంటుకర్తా ఇంకా చెప్పవలసే ఉంది.