ఆకివీడు చెరువుల సర్వర్: గొడవంతా ఆ ఒక్క లైను దగ్గరే

ఆకివీడు వైపు రొయ్యల చెరువుల డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) మీటర్లన్నిటినీ ఒకచోట చూపించే చిన్న సర్వర్ మీద వాదన మళ్లీ రాజుకుంది. దాన్ని నడిపే కంప్యూటర్‌కు ఉబుంటు 24.04 ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించినప్పటి నుంచి సర్వర్ లేవడం లేదు. సర్వర్ రాసిన పైథాన్ భాషలో అసింకోర్ అనే మాడ్యూల్ (సిద్ధంగా ఉండే కోడ్ భాగం) దొరకలేదని చెప్పి ఆగిపోతోంది. 2023 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.12లో ఆ మాడ్యూల్‌ను తీసేశారు, ఈ ఉబుంటుతో వచ్చేది ఆ పైథానే. ఇదే అదనుగా రైతుల్లో ఒక వర్గం, పాతది పారేసి మీటరుకో థ్రెడ్ (విడిగా నడిచే పని వరస) ఉండే పెద్ద ఫ్రేమ్‌వర్క్‌తో క్లౌడ్‌లో కొత్తది కట్టించాలంటోంది. మొదటి నుంచీ సర్వర్‌ను చూసుకుంటున్నవాళ్లు, ఇప్పటిదాకా ఉన్న ఈవెంట్ పద్ధతిలోనే తిరగరాస్తే చాలంటున్నారు.

ఎవరు ఎప్పుడు మొదలుపెట్టారన్నది అక్కడ అందరికీ తెలుసు. నేరుగా పద్ధతి దగ్గరికి వస్తాను. ఒక్కో తూము దగ్గర ఒక్కో లస్కరును (కాలువ కాపలా మనిషిని) నిలబెడితే అది థ్రెడ్ పద్ధతి. నీళ్లు వచ్చినా రాకపోయినా ఆ మనిషి అక్కడే ఉంటాడు, జీతం పడుతూనే ఉంటుంది. ఈవెంట్ పద్ధతిలో లస్కరు ఒక్కడే. ఏ తూము దగ్గర పని పడిందో కబురు రాగానే వెళ్లి, ఆ పని ముగించి, తర్వాతి కబురు అందుకుంటాడు. చెరువు మీటర్లకు ఇది సరిగ్గా సరిపోతుంది. ఒక్కో మీటరు రోజంతా కనెక్షన్ తెరిచి ఉంచుతుంది, కొన్ని నిమిషాలకోసారి ఒక్క లైను పంపుతుంది. ఆ లైను కూడా సిగ్నల్ సరిగా లేని గట్టు మీద నుంచి ముక్కలు ముక్కలుగా రావచ్చు. అందుకే ప్రతి కనెక్షన్‌కూ ఒక బఫర్ పెట్టుకుని, లైను పూర్తయ్యేదాకా అందులో పోగేయాలి. అసింకోర్‌తో ఇదంతా రెండు మూడు పేజీల కోడ్. కనెక్షన్ వస్తే ఒక ఫంక్షన్, డేటా వస్తే ఒకటి, మూసుకుంటే ఒకటి. పాత డెస్క్‌టాప్ మీద ఏళ్ల తరబడి నడిచిందంటే కారణం ఆ తేలికే.

ఇప్పటి గొడవకు అసలు మూలం పైథాన్ 3.12 కాదు. కొన్నేళ్ల కిందట ఒక ఎండాకాలం రాత్రి జరిగినదాన్ని తప్పుగా అర్థం చేసుకోవడమే మూలమని నా అభిప్రాయం. ఆ చెరువుల్లో ఒకటి మా బాబాయిది, అందుకే ఆ రాత్రి నాకు బాగా గుర్తు.

రాత్రంతా నాచూ రొయ్యలూ ఆక్సిజన్ వాడుకుంటూనే ఉంటాయి కాబట్టి తెల్లవారుజామున డీవో బాగా పడిపోతుంది. లీటరుకు 3 మిల్లీగ్రాముల కిందికి వచ్చిందంటే నీటిలోకి గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతూ ఉండాల్సిందే. అలా పడినప్పుడు ఎస్ఎంఎస్ వెళ్లేలా సర్వర్‌కు అంతకుముందు వారమే ఒక లైను కలిపారు. వెబ్ చిరునామాను తెరిచే పైథాన్‌లోని మామూలు యూఆర్ఎల్ఓపెన్ పిలుపు అది, టైమౌట్ (ఎంతసేపు ఆగాలన్న గడువు) ఇవ్వలేదు. టైమౌట్ ఇవ్వకపోతే పైథాన్ దానంతటది పెట్టదు, జవాబు వచ్చేదాకా కూర్చుంటుంది. ఆ రాత్రి ఎస్ఎంఎస్ కంపెనీ సర్వర్ కనెక్షన్ తీసుకుంది గానీ జవాబు ఇవ్వలేదు. ఒక్క లస్కరు ఒక్క తూము దగ్గర ఇరుక్కుపోయాడు. మిగతా చెరువుల రీడింగులన్నీ ఆగిపోయాయి.

మోసం ఎక్కడ జరిగిందంటే, మీటర్ల వైపు ఏ తేడా కనబడలేదు. సర్వర్ ప్రోగ్రాం చదవకపోయినా, ఆ కంప్యూటర్‌లోని కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) కనెక్షన్లను పట్టుకునే ఉంటుంది, వచ్చిన బైట్లను తన బఫర్‌లో వేసుకుంటుంది. “మీటరు లైటు పచ్చగానే ఉందిరా” అన్నాడు బాబాయి ఫోన్లో. అప్పటికే రొయ్య పైకి తేలుతోంది. జనరేటర్ వేసి ఏరేటర్లు తిప్పేసరికి కొంత నష్టం జరిగిపోయింది.

మర్నాడు అందరూ ఈవెంట్ లూప్‌ను, అంటే ఆ ఒక్క లస్కరు పద్ధతిని నమ్మకూడదన్న తీర్మానానికి వచ్చారు. ఆ లైను జోలికి ఎవరూ పోలేదు. గంటకోసారి సర్వర్‌ను చంపి మళ్లీ లేపేలా క్రాన్ (వేళకు పనులు నడిపే ప్రోగ్రాం) పెట్టి ఊరుకున్నారు. థ్రెడ్ల కోసం ఈరోజు గట్టిగా మాట్లాడుతున్నవాళ్లు చూపించే రుజువు కూడా ఆ రాత్రే.

ఈ లోపం ఆకివీడులో పుట్టింది కాదు. టీసీఎల్ అనే ప్రోగ్రామింగ్ భాషను తయారుచేసిన జాన్ ఔస్టర్‌హౌట్, చాలా పనులకు థ్రెడ్లు మంచి ఆలోచన కాదని 1996 జనవరిలో యూస్‌నిక్స్ అనే కంప్యూటర్ నిపుణుల సంఘం సదస్సులో వాదించారు. ఈవెంట్ పద్ధతిలో ఎక్కువసేపు నడిచే హ్యాండ్లర్ ఉంటే ప్రోగ్రాం స్పందించకుండా పోతుందని ఆ ప్రసంగంలోనే ఒప్పుకున్నారు. 2009 నవంబరులో బెర్లిన్‌లో ర్యాన్ డాల్, జావాస్క్రిప్ట్ భాషలో ఈవెంట్ పద్ధతి సర్వర్లు రాయడానికి తాను చేసిన నోడ్ జేఎస్‌ను చూపించినప్పుడు, ఆ భాషకు అప్పటిదాకా సొంత ఐఓ (డేటా రాకపోకల) లైబ్రరీలు పెద్దగా లేకపోవడం ఆయనకు కలిసొచ్చింది. ఎదురుచూసే పిలుపు పొరపాటున దూరే సందు తక్కువ. పైథాన్‌లో అలా కాదు. ఎదురుచూసే పాత లైబ్రరీలన్నీ చేతికి అందేంత దగ్గరలో ఉంటాయి. మనవాళ్లు చేసిన తప్పు ఎవరైనా చేయగలిగినదే.

థ్రెడ్ల వర్గం మాటలో కొంత నిజముంది. మీటరుకో థ్రెడ్ ఉంటే ఆ రాత్రి ఒక్క చెరువే ఆగేది, మిగతావి నడిచేవి. పదుల మీటర్లకు థ్రెడ్లు భారమూ కాదు. కానీ జవాబు రాని ఆ ఒక్క చెరువు రైతుకు మాత్రం ఏమీ ఒరిగేది కాదు. టైమౌట్ లేని లైను థ్రెడ్‌లో ఉన్నా టైమౌట్ లేని లైనే.

పాతవాళ్లు చెబుతున్నది ఇంకాస్త వివరంగా వినాలి. అసింకోర్‌ను ఉన్నట్టుండి తీసేయలేదు. కొత్త కోడ్‌కు దాని బదులు అసింకియో అనే మాడ్యూల్ వాడమని డాక్యుమెంటేషన్ పైథాన్ 3.6 నాటి నుంచే చెబుతూ వచ్చింది. ఆ అసింకియో 2014లో పైథాన్ 3.4తో వచ్చింది. అందులో ఎస్ఎంఎస్ పిలుపును పక్క థ్రెడ్‌కు అప్పగించడానికి, టైమౌట్ పెట్టడానికి సిద్ధంగా దారులున్నాయి. తప్పులు వెతకడానికి ఉన్న డీబగ్ మోడ్ వేస్తే, లూప్‌ను 0.1 సెకను కంటే ఎక్కువ పట్టి ఉంచిన పనిని లాగ్‌లో రాస్తుంది. ఆ రాత్రికి వారం ముందు ఈ మోడ్ ఉండుంటే, మొదటి మెసేజ్ వెళ్లినప్పుడే ఆ లైను ఉన్న పని లాగ్‌లోకి ఎక్కే అవకాశముండేది. అంతదాకా సర్వర్ లేవాలంటే పాత మాడ్యూల్‌ను పైపీఐ (పైథాన్ ప్యాకేజీల భాండారం) నుంచి విడిగా తెచ్చి పెట్టుకోవచ్చు.

అసింకియోతో రాసిన కొత్త సర్వర్ ప్రస్తుతం మా బాబాయి చెరువు, దాని పక్క చెరువు మీటర్లకు నడుస్తోంది. మిగతావాళ్లు కరెంటు పోయిన రాత్రుల్లో చేతి మీటరు పట్టుకుని గట్ల మీద తిరుగుతున్నారు. క్లౌడ్‌కు మారితే నెలనెలా వచ్చే బిల్లు ఎవరు కట్టాలన్న మాట ఇంకా తేలలేదు.