జపాన్ బుల్లి ట్రక్కుల గొడవకు మూలం 2011 నాటి కాగితం

జపాన్‌లో తాను చూసిన చిన్న కార్లు ముచ్చటగా ఉన్నాయని, వాటిని అమెరికాలో తయారు చేయడానికి అనుమతిస్తున్నామని 2025 డిసెంబరులో ట్రంప్ ప్రకటించారు. దాంతో సద్దుమణిగిందనుకున్న కెయ్ ట్రక్కుల గొడవ, అంటే జపాన్ నుంచి వచ్చే ఈ పాత బుల్లి ట్రక్కులను అమెరికా రాష్ట్రాలు రోడ్డెక్కనివ్వాలా వద్దా అన్నది, మళ్లీ రాజుకుంది. నిజానికి ఆ ప్రకటన కొత్త బండ్ల గురించి. జపాన్ నుంచి పాత ట్రక్కు తెప్పించుకుని, నంబరు ప్లేటు కోసం రవాణా శాఖ చుట్టూ తిరుగుతున్నవాళ్లకు దానివల్ల ఒరిగిందేమీ లేదు.

కెయ్ ట్రక్కంటే మనకు మరీ కొత్త బండేమీ కాదు. ఒకప్పుడు మన ఊళ్లలో స్కూలు పిల్లల్ని ఎక్కించుకుని తిరిగిన మారుతి ఓమ్ని, సుజుకి క్యారీ నుంచి పుట్టిందే. ఆ క్యారీకి వెనక తొట్టి ఉన్న రూపం, హోండా యాక్టీ, దైహత్సు హైజెట్, సుబారు సాంబార్, మిత్సుబిషి మినీక్యాబ్, అన్నీ ఈ జాతివే. ఇంజిను 660 సీసీ మించకూడదు. తొట్టిలో 350 కిలోల బరువు వేయొచ్చు. తొట్టికి మూడు వైపులా తలుపులు కిందికి వాలతాయి కాబట్టి గడ్డిమోపులైనా ఇటుకలైనా ఏ పక్క నుంచైనా దించుకోవచ్చు. అమెరికాలో కొత్త ఫుల్‌సైజు పికప్ 50 వేల డాలర్లు దాటడం మామూలైపోయింది. పాతికేళ్ల కెయ్ ట్రక్కు ఐదు నుంచి పది వేల డాలర్లకు దొరుకుతుంది. అందుకే సరదాగా కొనేవాళ్లతో పాటు చిన్న రైతులు, తోటపని చేసేవాళ్లు కూడా దీని వెంట పడ్డారు.

పాతికేళ్లదే ఎందుకంటే, 1988లో వచ్చిన దిగుమతి వాహనాల భద్రతా చట్టం అలా గీత గీసింది. 1980ల మధ్యలో యూరప్ నుంచి బెంజిలు, బీఎండబ్ల్యూలు డీలర్లతో పనిలేకుండా వేలకు వేలు దిగాయి. డీలర్లు, కంపెనీలు గగ్గోలు పెడితే ఆ దారి మూసుకుపోయింది. తయారై 25 ఏళ్లు నిండిన బండికి మాత్రం సమాఖ్య భద్రతా ప్రమాణాల నుంచి మినహాయింపు మిగిలింది. ఈ లెక్క ఏడాదితో కాదు, నెలతో సహా చూస్తారు. కొనేవాళ్లు సీటు బెల్టును చివరిదాకా లాగి, దానికి కుట్టిన పట్టీ మీద తేదీ వెతికేది అందుకే. వయసు తేలాక భద్రతా ప్రమాణాల కోసం నింపే హెచ్ఎస్-7 అనే దిగుమతి ఫారంలో మొదటి గడిలో టిక్కు పెడతారు, ఉద్గారాల కోసం మరో ఫారం నింపుతారు, 1964 నుంచి తేలికపాటి ట్రక్కులపై ఉన్న 25 శాతం సుంకం కడతారు. అక్కడితో కేంద్ర ప్రభుత్వం దృష్టిలో అది చట్టబద్ధంగా దేశంలోకి వచ్చిన వాహనం.

మరి చిక్కు ఎక్కడొచ్చింది? నా ఉద్దేశంలో 2008 నుంచి 2011 వరకు జరిగింది తెలిస్తే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది.

ఆ రోజుల్లో అమెరికాకు ఇంకో రకం మినీ ట్రక్కులు వచ్చేవి. వాటికి పాతికేళ్లు నిండలేదు. వేగం గంటకు 25 మైళ్లు దాటకుండా కట్టడి చేసి, పొలాల్లో, క్యాంపస్‌లలో తిరగడానికే అంటూ ఆఫ్‌రోడ్ బండ్లుగా దించారు. పెట్రోలు ధర చుక్కలనంటిన 2008లో ఓక్లహోమా లాంటి రాష్ట్రాలు వీటిని రోడ్ల మీదికీ రానిచ్చాయి. అప్పుడు హైవే భద్రత కోసం బీమా కంపెనీల డబ్బుతో నడిచే ఐఐహెచ్ఎస్ అనే సంస్థ రంగంలోకి దిగింది. 2010లో ఒక మినీ ట్రక్కును ఫోర్డ్ రేంజర్‌తో ఎదురెదురుగా ఢీకొట్టించి, ఇలాంటివి రద్దీ రోడ్ల మీదికి రాకూడదని తేల్చింది. ఆ పరీక్షకు తీసుకున్నది చాంగాన్ టైగర్ స్టార్ అనే చైనా బండి. యాక్టీ కాదు, క్యారీ కాదు.

మరుసటి ఏడాది, 2011లో, రాష్ట్రాల రవాణా అధికారుల సంఘం ఏఏఎంవీఏ మినీ ట్రక్కులకు రోడ్డు రిజిస్ట్రేషన్ ఇవ్వొద్దంటూ సూచనల పత్రం విడుదల చేసింది. అది చట్టం కాదు, సలహా. అప్పట్లో ఎదురుగా ఉన్న సమస్య ఆ ఆఫ్‌రోడ్ బండ్లే కాబట్టి సలహా కూడా వాటికి తగ్గట్టే వచ్చింది. దానిలో తప్పుపట్టాల్సింది పెద్దగా లేదు. పదేళ్ల తర్వాత, కరోనా కాలంలో దిగుమతులు పెరిగాక, అధికారులు అదే కాగితాన్ని బయటకు తీసి పాతికేళ్లు నిండి చట్టబద్ధంగా వచ్చిన బండ్లకు వర్తింపజేశారు. తప్పు జరిగింది అక్కడే.

రోడ్ ఐలండ్ 2021లో రిజిస్ట్రేషన్లు ఆపడం మొదలుపెట్టింది. జార్జియా కూడా ఆపేసింది. మెయిన్ రాష్ట్రంలోనైతే కెయ్ కొలతల్లోకే రాని మిత్సుబిషి డెలికా వ్యాన్లకూ ఇదే గతి పట్టింది. ఇక్కడ ఎక్కువగా నలిగిపోయింది కొత్తగా కొనేవాళ్లు కాదు. అదే రాష్ట్రం చేతుల మీదుగా ప్లేటు తీసుకుని, పన్ను కట్టి, బీమా చేయించుకుని కొన్నేళ్లు నడుపుకున్నవాళ్లకు ఒకరోజు ఉత్తరం వచ్చింది, మీ రిజిస్ట్రేషన్ రద్దయిందని. చేతిలో బండి ఉంది, దిగుమతి కాగితాలున్నాయి, రోడ్డెక్కే హక్కు మాత్రం పోయింది. అమ్ముదామన్నా పక్క రాష్ట్రంలో ఏమంటారో తెలియదు.

అధికారుల వాదన కొట్టిపారేయదగ్గది కాదు. డ్రైవరు కాళ్ల ముందు పల్చటి రేకు తప్ప అడ్డం ఏమీ ఉండదు. ఎయిర్‌బ్యాగులు చాలావాటికి లేవు. 75 మైళ్ల వేగంతో లారీలు దూసుకుపోయే ఇంటర్‌స్టేట్ హైవే మీద ఇది క్షేమం కాదన్నది నిజమే. కానీ అదే కౌంటరులో 1965 నాటి ఫోర్డ్ ఎఫ్-100 పికప్ కాగితాలు పెడితే పాతకాలపు బండ్లకిచ్చే యాంటిక్ ప్లేటు చేతికిస్తారు. ఆ బండిలో పెట్రోలు ట్యాంకు క్యాబిన్ లోపల, సరిగ్గా సీటు వెనకాల ఉంటుంది. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. భద్రతే కొలమానమైతే రెండింటికీ ఒకటే కొలత ఉండాలి. హైవే ఎక్కొద్దు, వేగం ఇంత దాటొద్దు అని షరతు పెట్టొచ్చు. ప్లేటే లాక్కోవడానికి భద్రత సరిపోయే కారణం కాదు.

కొన్ని రాష్ట్రాలు ఈ సంగతి గ్రహించాయి. టెక్సస్‌లో అభిమానులు పట్టుబట్టి కూర్చుంటే 2024 ఏప్రిల్‌లో రవాణా శాఖ దిగొచ్చింది. మసాచుసెట్స్ అదే ఏడాది నిషేధం పెట్టి, నెలల్లోనే వెనక్కి తీసుకుంది. జార్జియా 2025లో చట్టం చేసి మరీ తలుపు తెరిచింది. కొలరాడో చట్టం 2027 జులై నుంచి అమల్లోకి వస్తుంది. అట్లాంటా, డాలస్‌లలో ఉన్న మనవాళ్లెవరైనా కొనాలనుకుంటే దారి ఇప్పుడు కొంత తేలికే. అయినా డబ్బు కట్టేముందు తమ రాష్ట్రంలో టైటిల్ (బండి యాజమాన్య పత్రం), ప్లేటు రెండూ ఇస్తారో లేదో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. టైటిల్ ఇచ్చి ప్లేటు ఇవ్వని చోట్లున్నాయి. జపాన్ ఛాసిస్ నంబరు అమెరికా బండ్లకుండే 17 అక్షరాల కంటే పొట్టిగా ఉండటం వల్ల, కంప్యూటర్ తీసుకోక వెనక్కి పంపిన సందర్భాలూ ఉన్నాయి.

ఇంకో విషయం ఈ చర్చలో ఎవరూ పట్టించుకోవడం లేదు. ఢీకొన్నప్పుడు రక్షణ పెంచాలనే జపాన్ 1998 అక్టోబరు నుంచి కెయ్ బండ్ల కొలతలు పెంచింది. పొడవు 3.3 మీటర్ల నుంచి 3.4కు, వెడల్పు 1.4 నుంచి 1.48కి చేరాయి. ఆ కొలతలతో 1999లో వచ్చిన క్యారీ, హైజెట్, యాక్టీలకు 2024లో పాతికేళ్లు నిండాయి. పాతవాటికంటే గట్టివైన ఈ బండ్లు ఇప్పుడిప్పుడే అమెరికా రేవుల్లో దిగుతున్నాయి. 2011 నాటి సలహానే పట్టుకు వేలాడే రాష్ట్రాల్లో మాత్రం వాటికీ ప్లేటు దొరకదు.