ఊకతో విద్యుత్తు: తయారీ కన్నా శుద్ధే కష్టం

ధాన్యాన్ని మరపట్టినప్పుడు దాని బరువులో దాదాపు ఐదో వంతు ఊకగా బయటపడుతుంది. బిహార్‌లోని పశ్చిమ చంపారణ్ జిల్లాలో, తమ్‌కుహా అనే ఊరిలో, హస్క్ పవర్ సిస్టమ్స్ సంస్థ 2007లో ఈ ఊకతోనే ఇళ్లకు విద్యుత్తు ఇవ్వడం మొదలుపెట్టింది. గంటకు సుమారు 50 కిలోల ఊకతో 30 కిలోవాట్లకు కాస్త పైగా ఉత్పత్తి చేసే ఇలాంటి కేంద్రాలు సాయంత్రం కొన్ని గంటలపాటు నడిచి, వందలాది ఇళ్లలో కిరోసిన్ దీపాల అవసరాన్ని తగ్గించాయి.

ఊకను నేరుగా మండించి ఆవిరితో టర్బైన్ తిప్పవచ్చు కదా అన్న సందేహం సహజమే. మెగావాట్ల స్థాయిలో ఆ పద్ధతే మేలు. అయితే పది, ముప్పై కిలోవాట్లకు బాయిలరు, టర్బైన్ పెడితే ఖర్చు పెరుగుతుంది, వేడిలో అధిక భాగం వృథా అవుతుంది. అంత చిన్న స్థాయిలో సమర్థంగా పనిచేసేది పిస్టన్ ఇంజను; దానికి ఘన ఇంధనం పనికిరాదు కనుక ముందుగా ఊకను వాయువుగా మార్చాలి. ఈ ప్రక్రియే గ్యాసిఫికేషన్, అది జరిగే పరికరం గ్యాసిఫయర్. ఈ మార్పిడిలో కొంత శక్తి పోతుందన్న సంగతిని ప్రచార పత్రాలు సాధారణంగా చెప్పవు.

పూర్తిగా మండడానికి కావలసిన గాలిలో పావు వంతు నుంచి మూడో వంతు మాత్రమే అందించడం ఈ ప్రక్రియకు కీలకం. వేడికి ఊక ముందు ఎండి, తర్వాత ఆవిరులనూ బొగ్గునూ ఇస్తుంది. వాటిలో కొంత మండి ఉష్ణోగ్రతను వెయ్యి డిగ్రీల సెల్సియస్ వరకు తీసుకెళుతుంది. అప్పుడు పుట్టిన కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి ఎర్రగా కాలుతున్న బొగ్గు గుండా సాగుతూ కార్బన్ మోనాక్సైడ్‌గా, హైడ్రోజన్‌గా మారతాయి. గాలితో పాటు వచ్చిన నైట్రోజన్ ఈ వాయువులో దాదాపు సగం ఉంటుంది కాబట్టి, సహజవాయువుతో పోలిస్తే దీని శక్తి ఏడెనిమిదో వంతే. పైగా కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకం, వాసన లేనిది. గొట్టాల్లో చిన్న లీకును కూడా తేలిగ్గా తీసుకోకూడదు.

అసలు తలనొప్పి, ఈ వాయువులో ఆవిరిగా కలిసి వచ్చే తారు. చల్లబడగానే జిగటగా మారి కవాటాలకు పట్టేసి ఇంజనును ఆపేస్తుంది. ఇంధనంతో పాటు వాయువును కూడా కిందికి లాగి మండే బొగ్గు పొర గుండా పంపితే తారు చాలావరకు విచ్ఛిన్నమవుతుంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు పైభాగం తెరిచి ఉండే గ్యాసిఫయర్‌ను ఈ సూత్రం మీదే రూపొందించి, 1980ల చివర్లో కర్ణాటకలోని హోసహళ్లి గ్రామానికి కట్టెలతో విద్యుత్తు ఇచ్చారు. కట్టెలతో సాధ్యమైనంత సులువుగా ఊకతో కాదు: తేలికగా ఉండి సరిగా జారదు, బరువులో ఐదో వంతు బూడిదే, ఆ బూడిదలో అధిక భాగం సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థం.

ఒకే రకమైన ఊకతోనే ఇన్ని చిక్కులుంటే, తడి కూరగాయల తొక్కులు, ప్లాస్టిక్, మట్టి, గాజు కలిసిన నగర చెత్త సంగతి వేరే చెప్పాలా? జర్మనీలోని కార్ల్స్‌రూహేలో చెత్తను వాయువుగా మార్చే థర్మోసెలెక్ట్ పద్ధతితో కట్టిన కర్మాగారం 2004లో మూతపడింది. ఇంగ్లండ్‌లోని టీస్ వ్యాలీలో ప్లాస్మాతో, అంటే విద్యుత్తుతో విపరీతంగా వేడెక్కించిన వాయువుతో, చెత్తను వాయువుగా మార్చే రెండు ప్లాంట్లను ఎయిర్ ప్రొడక్ట్స్ సంస్థ 2016లో వదులుకుంది. హైదరాబాద్ జవహర్‌నగర్‌లో విద్యుత్తు ఇస్తున్న కేంద్రం చెత్తను వాయువుగా మార్చేది కాదు, నేరుగా మండించేదే. ఫిన్లాండ్‌లోని లాహ్తి నగరంలో మాత్రం 2012 నుంచి గ్యాసిఫికేషన్ పెద్ద స్థాయిలో నడుస్తోంది; అక్కడ వేరుచేసి సిద్ధం చేసిన వ్యర్థాలనే వాడతారు, వచ్చిన వాయువును కొంత చల్లార్చి వడకట్టి, ఇంజనుకు కాక బాయిలరుకు పంపుతారు. తారు పేరుకునేంతగా వాయువును చల్లారనివ్వరన్నమాట.

హస్క్ పవర్ సంస్థ తర్వాతి కాలంలో సౌర ఫలకాల వైపు, బ్యాటరీల వైపు మళ్లింది. సౌర విద్యుత్తు ధర పడిపోయాక ఊరికి దీపాలివ్వడమొక్కటే లక్ష్యమైతే గ్యాసిఫయర్ ఎంపిక సరైనదని వాదించడం కష్టం. నా దృష్టిలో దానికి తగిన చోటు, ఊకా అక్కడే పుట్టి విద్యుత్తూ అక్కడే ఖర్చయ్యే మధ్యతరహా బియ్యం మిల్లు; అక్కడ కూడా ఫిల్టర్లను క్రమం తప్పక శుభ్రం చేసే మనిషి జీతాన్ని, వాయువును కడిగాక మిగిలే తారు కలిసిన నీటిని కాలువలోకి వదలకుండా శుద్ధి చేసే ఖర్చును ముందే లెక్కలో వేసుకోవాలి.